38 శాతం అంటే 38 శాతం ఊపిరితిత్తులే మిగిలాయని కాదు

ప్రశ్న: అక్కా, మాది మర్రిగూడ దగ్గర ఒక పల్లె. మా నాయినకు 64 ఏళ్లు. వయసులో ఉన్నప్పుడు మిర్యాలగూడ రైసు మిల్లుల్లో హమాలీ పని చేశాడు, తర్వాత ఊళ్లోనే వ్యవసాయం. బీడీలు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉన్నాయి, ఇప్పుడు తగ్గించానంటాడు. మూడేళ్లుగా దగ్గు, తెమడ, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మా దిక్కు చాలామందికి లాగే ఫ్లోరైడ్‌తో నడుం వంగింది, మెడ సరిగా తిరగదు. ఫిబ్రవరిలో నల్లగొండలో ఊదే పరీక్ష చేసి గాలి గొట్టాలు సన్నబడే జబ్బు, సీఓపీడీ అన్నారు, రిపోర్టులో 38 శాతం అని ఉంది. నోట్లో కొట్టుకునే పంపు (ఇన్‌హేలర్) రాసిచ్చారు. జూన్‌లో హైదరాబాద్‌లో మళ్లీ చేయిస్తే 51 శాతం వచ్చింది. బాగైంది కదా అని నాయిన పంపు పక్కన పెట్టేశాడు. రెండు రిపోర్టులూ పంపుతున్నా. ఏది నిజం? 38 అంటే ఊపిరితిత్తులు అంతే మిగిలాయా? ఇంట్లో చూసుకునే మిషన్ ఏదైనా కొనమంటారా? మళ్లీ పరీక్షకు మాత్రం రానంటున్నాడు, "ఊది ఊది పానం పోయేటట్టుంది" అంటాడు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: చెల్లె, మిగతాదంతా తర్వాత. ముందు నాయినకు ఫోన్ చేసి పంపు మళ్లీ మొదలుపెట్టమని చెప్పు. 51 వచ్చింది కాబట్టి పంపు అక్కర్లేదు అనే లెక్క ఎందుకు తప్పో కింద చెప్తాను, చదివేదాకా ఆగకు. ఒక మాట ముందే చెప్పాలి, నేను మందులు రాసే డాక్టర్‌ను కాను, పీఎఫ్‌టీ గదిలో, అంటే ఊపిరితిత్తుల పరీక్షలు చేసే గదిలో కూర్చొని పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాన్ని ఊదించే మనిషిని. పంపు మార్చాలా, మోతాదు పెంచాలా అనేది మీ డాక్టర్ చెప్పాల్సిన మాట. కానీ రిపోర్టు కాగితం ఎలా చదవాలో, అందులో ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో మాత్రం నాకు బాగా తెలుసు.

నువ్వు పంపిన రెండు కాగితాలూ చూశాను. నీ ప్రశ్నకు పొట్టి జవాబు ఏమిటంటే, 38 నిజం కాదు, 51 కూడా నిజం కాదు. నాయిన ఊపిరితిత్తులు ఫిబ్రవరిలో ఎలా ఉన్నాయో జూన్‌లోనూ దాదాపు అలాగే ఉన్నాయి. మారింది కొలిచిన తీరు.

రిపోర్టులో అందరూ వేలు పెట్టి చూపించే ఆ శాతం ఎఫ్‌ఈవీ1 అనే అంకె పక్కన ఉంటుంది. ఛాతీ నిండా గాలి పీల్చి ఒక్కసారిగా ఊదితే మొదటి సెకనులో ఎంత గాలి బయటపడిందో అది ఎఫ్‌ఈవీ1. నాయినకు ఫిబ్రవరిలో 0.98 లీటర్ వచ్చింది. అదే వయసు, అదే ఎత్తు ఉన్న, ఏ జబ్బూ లేని మగమనిషికి సగటున ఎంత రావాలో మిషన్‌లో ముందే లెక్క ఉంటుంది, ఆ కాగితంలో అది 2.58. 0.98ని 2.58తో భాగిస్తే 38 శాతం. అంతే సంగతి. ఊపిరితిత్తుల్లో 62 శాతం కుళ్లిపోయిందనో, కరిగిపోయిందనో దాని అర్థం కాదు. అసలు ఏ జబ్బూ లేనివాళ్లకే 80 నుంచి 120 దాకా ఎంతైనా వస్తుంది. పరీక్షలో మార్కుల్లాగా నూటికి ఇన్ని అని చూడటం అలవాటైపోయి, 38 అనగానే ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలుపెడతారు. నా గది బయట బెంచీ మీద ఇది రోజూ చూసేదే.

సీఓపీడీ ఉందా లేదా అని తేల్చేది ఆ శాతం కాదు, దాని కింద ఉండే ఇంకో అంకె. మొత్తం ఊదిన గాలి ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకనులోనే వచ్చిన వాటా ఎంత అనేది నిష్పత్తి. బిందె మూతి వెడల్పుగా ఉంటే వంచగానే నీళ్లు భళ్లున పడతాయి, మూతి సన్నగా ఉంటే నీళ్లు అన్నే ఉన్నా గుడగుడమంటూ ఆలస్యంగా వస్తాయి. సీఓపీడీలో గాలి గొట్టాలు సన్నబడతాయి కాబట్టి మొదటి సెకను వాటా తగ్గుతుంది. సాల్బుటమాల్ పంపు 4 సార్లు కొట్టి, అంటే 400 మైక్రోగ్రాములు, ఓ పావుగంట కూర్చోబెట్టి మళ్లీ ఊదించినప్పుడు ఆ నిష్పత్తి 0.70 కన్నా తక్కువ ఉంటే సీఓపీడీ అంటారు. గోల్డ్ పేరుతో వచ్చే అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్న హద్దు ఇదే. పంపు కొట్టకుండా ఒక్కసారి ఊదించి సీఓపీడీ అని రాసేస్తే అది సగం పరీక్షే.

ఇప్పుడు నీ ఫిబ్రవరి కాగితం తియ్యి. పంపు తర్వాత అనే గడి ఖాళీగా ఉంది చూడు. నిష్పత్తి 0.69 ఉంది, అంటే గీత మీద నిలబడ్డట్టు. ఇంకా చెప్పాలంటే, పక్కన ఉన్న గ్రాఫులు చూడు, జనం ఎవరూ చూడరు గానీ నేను మొదట చూసేది అవే. ఒక గ్రాఫు నిటారుగా గుట్టలా లేచి, కుడివైపు మెల్లగా దిగుతుంది. సీఓపీడీ ఉంటే దిగేటప్పుడు లోపలికి గుంట పడ్డట్టు ఉంటుంది. నాయిన గ్రాఫులో ఆ దిగుడు మధ్యలో రంపపు పళ్లలాగా గీతలున్నాయి, అది దగ్గు. ఆ తర్వాత గీత టక్కున నిలువుగా కిందికి పడిపోయింది, అంటే అక్కడ ఊదడం ఆపేశాడు. పక్క గ్రాఫులో సెకన్లు ఉంటాయి, చూస్తే మూడో సెకను దాకా కూడా పోలేదు. గొట్టాలు సన్నబడ్డ మనిషికి గాలంతా బయటికి రావడానికి పది సెకన్లు, ఒక్కోసారి పదిహేను కూడా పడుతుంది. మూడు సెకన్లకే ఆపేస్తే మొత్తం గాలి తక్కువగా నమోదవుతుంది, ఎఫ్‌వీసీ 1.42 అని పడింది. మొత్తం తక్కువైతే మొదటి సెకను వాటా ఎక్కువ కనిపిస్తుంది, అందుకే నిష్పత్తి 0.69 దాకా పోయింది. విచిత్రం ఏమిటంటే అదే కాగితంలో ఒక అంకె జబ్బును పెద్దది చేసి చూపిస్తోంది, ఇంకోటి చిన్నది చేసి చూపిస్తోంది. పైగా ఒక్కసారే ఊదించారు. సరైన పరీక్ష అంటే కనీసం మూడు మంచి ఊదుళ్లు ఉండాలి, వాటిల్లో పెద్దవి రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలోపు కలవాలి, కలవకపోతే మళ్లీ మళ్లీ, ఎనిమిది సార్ల దాకా ఊదించొచ్చు. చాలా మిషన్లు ఊదుడు నాణ్యతకు ఏ, బీ, సీ అని గ్రేడు కూడా కాగితం మీద వేస్తాయి. మీ ఫిబ్రవరి కాగితంలో మూలన చిన్నగా "ఈ" (E) అని ఉంది. నమ్మదగిన ఊదుడు ఒక్కటే ఉంటే, లేదా ఉన్నవి ఒకదానికొకటి కలవకపోతే ఆ గ్రేడు పడుతుంది. ఆ కాగితం మీద ఎవరైనా ఇంత పెద్ద జబ్బు పేరు రాశారంటే నాకు కోపం వస్తుంది గానీ, బయట యాభై మంది లైన్లో ఉన్నప్పుడు ఒక్కొక్కరినీ అరగంట ఊదించడం ఎంత కష్టమో కూడా నాకు తెలుసు.

జూన్ కాగితం బాగుంది. మూడు ఊదుళ్లు, మూడూ కలిశాయి, పంపు తర్వాత కూడా చేశారు. పంపుకు ముందు ఎఫ్‌ఈవీ1 1.02, తర్వాత 1.14. మొత్తం గాలి 1.98, నిష్పత్తి 0.58. అంటే జబ్బు ఉన్నమాట వాస్తవం. 0.60 నుంచి 0.80 మధ్య వస్తే ఇంకో రోజు మళ్లీ చేసి ఖాయం చేసుకోమంటారు, 0.60 కన్నా కిందికి దిగితే అది తనంతట తాను 0.70 దాటడం చాలా అరుదు. కాబట్టి సీఓపీడీ అవునా కాదా అని ఇంక ఊగిసలాడకు. డాక్టర్ ముందే సరైన మాటే చెప్పాడు, తప్పు కాగితం చేతిలో పెట్టుకుని.

మరి 38 నుంచి 51 ఎలా పెరిగింది? ఫిబ్రవరిలో పంపు లేకుండా 0.98, జూన్‌లో పంపుకు ముందు 1.02. తేడా 40 మిల్లీలీటర్లు. ఒకే గంటలో ఊదిన రెండు ఊదుళ్లకే 150 దాకా తేడా ఒప్పుకుంటామని చెప్పాను కదా, అలాంటప్పుడు ఈ 40 లెక్కలోకి రాదు. జూన్‌లో డాక్టర్ పైన రాసిన 51 పంపు కొట్టిన తర్వాతది, ఫిబ్రవరి 38 పంపు లేనిది, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టడమే తప్పు. కానీ అదొక్కటే అయితే ఇంత దూకదు. రెండు కాగితాల పైన, పేరు కింద, ఎత్తు అనే గడి చూడు. ఫిబ్రవరిలో 168, జూన్‌లో 157. నాలుగు నెలల్లో మనిషి 11 సెంటీమీటర్లు కుంగిపోడు కదా!

నా అంచనా ఇది. నల్లగొండలో ఎత్తెంత అని అడిగి ఉంటారు, నాయిన ఎప్పటిదో గుర్తుపెట్టుకుని ఐదున్నర అడుగులని చెప్పి ఉంటాడు, అది సెంటీమీటర్లలో 168. హైదరాబాద్‌లో గోడకు నిలబెట్టి కొలిచారు, నడుం వంగిన మనిషి కాబట్టి 157 వచ్చింది. ఎత్తు తగ్గితే రావాల్సిన గాలి లెక్క కూడా తగ్గుతుంది, 2.58 కాస్తా 2.22 అయింది. 1.14ని 2.22తో భాగిస్తే 51, అదే 1.14ని 2.58తో భాగిస్తే 44. అదీ సంగతి, ఏడు శాతం బాగుపడటం కేవలం వీపు వంగడం వల్ల వచ్చింది. ఈ ఎత్తు లెక్క ఇవాల్టిది కాదు. స్పైరోమీటర్‌ను, అంటే ఈ ఊదే మిషన్‌ను తయారుచేసిన జాన్ హచిన్‌సన్ అనే ఇంగ్లిష్ డాక్టర్ 1846లోనే 2 వేల మందికి పైగా ఊదించి, మనిషి ఎత్తును బట్టి ఊపిరి పెరుగుతుందని రాశాడు. పెరిగే వయసులో నాయిన ఛాతీ ఐదున్నర అడుగుల మనిషిగా పెరిగింది, తర్వాత వెన్ను వంగింది, ఊపిరితిత్తుల లెక్క మాత్రం పాత ఎత్తుతోనే కట్టాలి. అందుకే నడుం వంగినవాళ్లను గోడకు నిలబెట్టి కొలవకూడదు. చేతులు రెండు పక్కలకూ బార్లా చాపించి, ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా టేపు పట్టి, దాన్నుంచి ఎత్తు అంచనా కట్టాలి. మీ దిక్కు ఇంకో చిక్కుంది, ఫ్లోరైడ్ ముదిరినవాళ్లకు మోచేతులు కూడా సాగవు. అప్పుడు మోచేయి నుంచి మణికట్టు దాకా ముంజేతి ఎముక పొడవు కొలిచి లెక్క వేస్తారు. ఈసారి వెళ్లినప్పుడు "మా నాయినకు నడుం వంగింది, చేతుల కొలతతో ఎత్తు వేయండి" అని నువ్వే నోరు తెరిచి అడుగు. బయటి నుంచి వచ్చిన టెక్నీషియన్లకు మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల మనిషిని చూస్తే ఇది తట్టకపోవచ్చు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరు పెట్టి పిలుస్తుంది, ఆ నీళ్లు తాగి పెరిగిన మనిషి ఎత్తు ఎలా కొలవాలో మాత్రం ఒకరు గుర్తుచేయాల్సి వస్తోంది.

ఫ్లోరైడ్ సంగతి ఇక్కడితో అయిపోలేదు, మీ డాక్టర్‌తో తప్పకుండా మాట్లాడాల్సింది ఇదే అని నా ఉద్దేశం. జూన్‌లో మొత్తం గాలి 1.98 అన్నాను కదా, అది కూడా రావాల్సిన దానికన్నా బాగా తక్కువ. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, గొట్టాలు సన్నబడి గాలి లోపలే చిక్కుకుపోవడం, సీఓపీడీలో ఇది మామూలే, ఊదినా పూర్తిగా బయటికి రాదు, ఛాతీ డబ్బాలాగా ఉబ్బి ఉంటుంది. రెండోది, పక్కటెముకలు వెన్నుపూసకు అతుక్కునే చోట ఫ్లోరైడ్ పేరుకొని ఎముక బిగుసుకుపోతే ఛాతీ అసలు విచ్చుకోదు, లోపలికి గాలి పట్టదు. మొదటిది పంపులకు కొంత లొంగుతుంది, రెండోది పంపుకు లొంగదు. ఊదే పరీక్ష ఒక్కదానితో ఏది ఎంతో చెప్పలేం, ఎందుకంటే అది బయటికి వచ్చిన గాలినే కొలుస్తుంది, లోపల ఎంత ఉండిపోయిందో దానికి తెలియదు. అది తెలియాలంటే అద్దాల గదిలాంటి పెట్టెలో కూర్చోబెట్టి చేసే బాడీ బాక్స్ పరీక్ష, లేదా హీలియం గ్యాసు పీల్పించి చేసే పరీక్ష కావాలి. అవి జిల్లా ఊళ్లలో దొరకడం కష్టం, హైదరాబాద్ పెద్దాసుపత్రుల్లో ఉంటాయి. ఇప్పుడే పరుగెత్తి చేయించమని కాదు. పంపు సరిగ్గా వాడాక కూడా ఆయాసం అలాగే ఉంటే "ఛాతీ బిగుసుకోవడం వల్ల కూడా ఉందా" అని డాక్టర్‌ను అడుగు. ఇంకోటి, నాయినకు ఎప్పుడైనా టీబీ వచ్చి మందులు వాడాడా? ఉత్తరంలో రాయలేదు. పాత టీబీ మచ్చలు కూడా ఇలాంటి అంకెలే ఇస్తాయి. ఎక్స్‌రే ఉంటే పట్టుకెళ్లు.

రైసు మిల్లు మాట కూడా చెప్పు డాక్టర్‌కు. బీడీ ఒక్కటే రాసుకుంటారు చాలామంది, ఊక దుమ్ములో బస్తాలు మోసిన ఏళ్లు ఎవరూ అడగరు. ఇప్పుడు కూడా ఐకేపీ కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసినప్పుడు తూర్పార ఫ్యాను ముందు నాయినే నిలబడతాడా? అయితే ఆ పని ఇంకొకరికి అప్పగించు, తాలు ఎగిరే చోట మూతికి తువ్వాల కట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు.

సరే, పంపు. జూన్‌లో పంపు కొట్టాక 120 మిల్లీలీటర్లే పెరిగింది, పెద్దగా ఏమీ కాదు, సీఓపీడీలో సాధారణంగా ఇంతే. ఉబ్బసంలో అయితే ఒక్కోసారి 400, 500 పెరుగుతుంది. దాంతో "పంపు పనిచేయట్లేదు" అనుకునేవాళ్లు ఉంటారు, మీ నాయిన ఇంకో దారిలో "బాగైంది" అనుకున్నాడు. రెండూ కాదు. ఎఫ్‌ఈవీ1 పెద్దగా కదలకపోయినా లోపల చిక్కుకున్న గాలి కొంత తగ్గి మనిషి ఇంకో ఫర్లాంగు నడవగలడు, ఏడాదికి రెండు మూడు సార్లు దగ్గు తిరగబెట్టి ఆసుపత్రిలో పడేది తగ్గుతుంది. పంపు ఇచ్చేది అందుకు. అసలు ఈ రోజుల్లో డాక్టర్లు పంపు ఏది ఇవ్వాలో శాతం చూసి నిర్ణయించరు, ఆయాసం ఎంత ఉంది, పోయిన ఏడాదిలో ఎన్నిసార్లు తిరగబెట్టింది అన్నది చూసి నిర్ణయిస్తారు. 38 అయితే జబ్బు తీవ్రతలో గోల్డ్ మూడో మెట్టు, 51 అయితే రెండో మెట్టు, 50 దగ్గర గీత ఉంది, ఆ గీతకు ఇటా అటా అని మీరు పడే బాధ నాయినకు రాసే మందును పెద్దగా మార్చదు. పోయిన ఏడాది ఎన్నిసార్లు యాంటీబయాటిక్ గానీ స్టెరాయిడ్ గోలీలు గానీ వాడాల్సి వచ్చింది, ఒక్కరోజైనా ఆసుపత్రిలో పడుకున్నాడా అనేది మాత్రం చాలా మారుస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న సూదులు కూడా లెక్కే. అది ఒక నోటుబుక్కులో తేదీలతో రాసి పెట్టు.

ఇంట్లో మిషన్ కొనాలా అన్నావు. కరోనాలో కొన్న వేలికి పెట్టే ఆక్సిమీటర్ ఏ అటక మీదో ఉండే ఉంటుంది, అది చాలు, కొత్తది కొనకు. కానీ అది ఊపిరితిత్తుల శక్తిని కొలవదు, రక్తంలో ఆక్సిజన్‌ను కొలుస్తుంది. ఎఫ్‌ఈవీ1 సగానికి పడిపోయిన మనిషికి కూడా కూర్చున్నప్పుడు 95 చూపిస్తుంది, అది చూసి ఏమీ లేదనుకోవద్దు. చలికాలం పొద్దున వేళ్లు చల్లబడినప్పుడు, గోరుకు మట్టి ఉన్నప్పుడు తప్పుగా కూడా చూపిస్తుంది. నాయిన కుదురుగా కూర్చున్నప్పుడు మామూలుగా ఎంత ఉంటుందో రాసి పెట్టుకో, ఎప్పుడూ 94 ఉండే మనిషికి 89కి పడితే అది వార్త. ఎప్పుడు చూసినా 92 కన్నా తక్కువే ఉంటే డాక్టర్‌కు చూపించు, రక్తం తీసి గ్యాసుల పరీక్ష చేస్తారు. ఇంకో మాట, ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ ఎవరిదో ఉందని తెచ్చి 99 వచ్చేదాకా పెట్టొద్దు. ముదిరిన సీఓపీడీలో ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకొని మనిషి మత్తులోకి పోతాడు. ఆసుపత్రిలో కూడా 88 నుంచి 92 మధ్యే ఉంచుతారు, తక్కువ పెట్టారని వాళ్లతో గొడవపడేవాళ్లను చూశాను.

మెడికల్ షాపులో పీక్ ఫ్లో మీటర్ అని ప్లాస్టిక్ గొట్టం అమ్ముతారు. ఉబ్బసానికి అది మంచిదే, మీ నాయినకు దండగ.

దానికన్నా మంచి కొలత మీ ఊళ్లోనే ఉంది. నాయిన ఇంటి నుంచి చెలక దాకా నడిచేటప్పుడు ఎక్కడ ఆగుతున్నాడో చూడు. తన ఈడువాళ్లతో సమానంగా నడవలేక వెనకబడుతున్నాడా, లేక వంద మీటర్లకే ఆగి ఏ వేపచెట్టు పట్టుకుని నిలబడుతున్నాడా, లేక అంగీ తొడుక్కునేసరికే ఆయాసపడుతున్నాడా? డాక్టర్లు సున్నా నుంచి నాలుగు దాకా ఆయాసానికి వేసే మెట్లు అచ్చంగా ఇవే. వెనకబడితే రెండు, వంద మీటర్లకు ఆగితే మూడు, బట్టలు వేసుకునేటప్పుడే అయితే నాలుగు. మొన్న సంక్రాంతికి ఏ చెట్టు దగ్గర ఆగాడు, ఇప్పుడు ఎక్కడ ఆగుతున్నాడు, ఈ రెండూ డాక్టర్‌కు చెప్తే నా కాగితం కన్నా ఎక్కువ చెప్పినట్టే. పెద్దాసుపత్రుల్లో ఆరు నిమిషాల నడక పరీక్ష అని 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ నడిపించి దూరం కొలుస్తారు. మందు మార్చాక ఓ 30 మీటర్లు ఎక్కువ నడిస్తే మనిషికి నిజంగా తేడా తెలుస్తుందని లెక్క. బరువు కూడా చూస్తూ ఉండు, బీడీ మానినా మానకపోయినా ఈ జబ్బులో బరువు తగ్గుతుంటే అది మంచి గుర్తు కాదు.

ఇంక నాయిన మొండితనం. "పానం పోయేటట్టుంది" అన్న మాట అబద్ధం కాదు, ఆయాసం ఉన్న మనిషిని పదేపదే గాలంతా ఖాళీ చేయమంటే కళ్లు తిరుగుతాయి, తల దిమ్మెక్కుతుంది. కానీ చాలామందికి ఆ బాధ ఎక్కువయ్యేది ఎలా ఊదాలో ఎవరూ చూపించక. బీడీ తాగే మగవాళ్లలో నేను రోజూ చూసేది ఒకటుంది, గొట్టాన్ని కూడా బీడీలాగే పెదవుల కొసన పట్టుకుంటారు, గాలంతా పక్కల నుంచి పోతుంది, అంకె రాదు, మళ్లీ ఊదమంటాం, ఇంకా విసుగు. గొట్టం పళ్ల మధ్యలోకి పోవాలి, నాలుక కిందికి ఉండాలి, పెదవులు చుట్టూ బిగించాలి. కట్టుడు పళ్లు బిగువుగా ఉంటే తీయొద్దు, తీస్తే పెదవులు లోపలికి పోయి గాలి జారుతుంది. నిటారుగా కూర్చొని, పాదాలు నేలకు ఆనించి, ఇంక పట్టదు అన్నంత పీల్చి, పీల్చిన వెంటనే ఆగకుండా ఒక్కసారిగా దబ్బున విడవాలి, ఆ తర్వాత బలం అక్కర్లేదు, వదలకుండా సాగదీస్తే చాలు. బుగ్గలు ఉబ్బించి బూర ఊదినట్టు ఊదితే పనికిరాదు. ఇంట్లో గొట్టం లేకుండానే రెండు రోజులు ఈ వరస చూపించు, అక్కడికి వచ్చాక సగం సార్లతో పని అయిపోతుంది. రెండు ఊదుళ్ల మధ్య కాసేపు ఆపమని ఆయన అడగొచ్చు, ఎవరూ తిట్టరు. లోపలికి పోయే ముందు మూత్రానికి పోయి రమ్మను, గట్టిగా ఊదినప్పుడు చుక్క జారుతుందేమోనని సిగ్గుపడి సగంలో ఆపేసే పెద్దవాళ్లు ఎందరో, పైకి మాత్రం దమ్ము చాలట్లేదంటారు. పంచె నడుం దగ్గర బిగించి కట్టొద్దు, కడుపు నిండా తిని రావొద్దు, కనీసం గంట ముందు నుంచి బీడీ ముట్టొద్దు.

పరీక్షకు ముందు పంపు ఆపాలా అనేది డాక్టర్‌ను అడుగు. ఆపమంటే మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలు పనిచేసే నీలం పంపు, అంటే సాల్బుటమాల్, అంతసేపు, రోజుకు రెండుసార్లు కొట్టే పెద్ద పంపు ఒక రోజు, టియోట్రోపియం లాంటి రోజుకు ఒక్కసారే కొట్టే పంపులు రోజున్నర రెండు రోజులు ఆపుతారు. మధ్యలో ఆయాసం వస్తే మాత్రం ఆలోచించకుండా కొట్టేసి, వచ్చాక మాకు చెప్తే చాలు, ఎన్ని గంటలైంది అని కాగితం మీద రాసుకుంటాం. ఈ మధ్య కంటి శుక్లాల ఆపరేషన్ అయినా, గుండెపోటు వచ్చి వారం కూడా కాకపోయినా, తెమడలో రక్తం పడుతున్నా ముందే చెప్పాలి, అప్పుడు ఊదించం. టీబీ అనుమానం ఉంటే మొదట తెమడ పరీక్ష.

మళ్లీ ఎప్పుడు? నెల నెలా అక్కర్లేదు. 30 ఏళ్లు దాటాక జబ్బు లేని మనిషికే ఏటా ఓ 25, 30 మిల్లీలీటర్లు తగ్గుతుంది, అంత చిన్న తేడా ఒకట్రెండు నెలల్లో మిషన్‌కు చిక్కదు. ఏడాదికోసారి, అదే చోట, వీలైతే అదే మిషన్ మీద, ప్రతిసారీ పంపు తర్వాతి అంకె, అదీ శాతం కాకుండా లీటర్లు. ఈ జూన్ 1.14ని మొదటి గీతగా పెట్టుకో, ఫిబ్రవరి కాగితం పక్కన పడేయ్. హైదరాబాద్ దాకా పోవడం కష్టమైతే నల్లగొండలోనే చేయించు, ఫర్వాలేదు, కానీ మూడు ఊదుళ్లు, పంపు తర్వాత, చేతుల కొలత, ఈ మూడూ అడిగి చేయించు.

తగ్గించానంటున్న బీడీ గురించి. పోయిన గాలి తిరిగి రాదు, ఆ మాట నాయినకు దాచొద్దు. కానీ అమెరికా, కెనడాల్లో మొదలుదశ సీఓపీడీ ఉన్నవాళ్లను 11 ఏళ్లు వెంటపడి ఊదించి చూస్తే, పూర్తిగా మానేసిన మగవాళ్లకు ఏటా 30 మిల్లీలీటర్లు తగ్గింది, తాగుతూనే ఉన్నవాళ్లకు 66. నాయిన దగ్గర ఉన్నది 1140. పదేళ్లకు లెక్క వేసి ఆయన ముందు పెట్టు, పంట లెక్కలు వేసే మనిషికి ఇది ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఇప్పటికే ముదిరినవాళ్లకు అంకెలు అచ్చంగా ఇవే ఉండవు గానీ దిక్కు ఇదే. పది నుంచి నాలుగుకు తగ్గించడం వేరు, సున్నా చేయడం వేరు.

ఒకటి అడగడం మర్చిపోయావు, నేనే అడుగుతున్నా. మీ అమ్మ కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్లు వండింది? గ్యాసు వచ్చినా ఇప్పటికీ స్నానాలకు నీళ్లు పొయ్యి మీదే కాగుతుంటాయి, ఆ పొగ ముందు కూర్చునేది ఆమే. బీడీ ముట్టని ఆడవాళ్లకు సీఓపీడీ వచ్చేది ఎక్కువగా ఆ పొగతోనే. నా గదికి భర్తకు తోడుగా వచ్చి, బెంచీ మీద కూర్చొని ఆయనకన్నా ఎక్కువ దగ్గే అమ్మలు చాలామంది, వాళ్ల పేరు మీద మాత్రం చీటీ ఉండదు. నాయినను తీసుకెళ్లే రోజు ఆమెకు కూడా ఓపీ చీటీ రాయించి డాక్టర్‌కు చూపించు, ఊదమంటే ఊదించు.

ఇంతలో ఎప్పుడైనా నాయిన ఒక మాట పూర్తిగా చెప్పలేనంత ఆయాసపడినా, పెదవులు నీలంగా మారినా, పగలు కూడా మగతగా పడుకుని పిలిస్తే సరిగా పలకకపోయినా, రిపోర్టులూ శాతాలూ వెతుక్కోకుండా 108కి ఫోన్ చెయ్యి.